బేసిన్లో సముద్రం

ఆదివారం రాత్రి

పొద్దున్న టెక్కలిలో బస్సు మారి ఊరు చేరేసరికి మేనల్లుడు వీధి గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. చేతిలో రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, దాన్నిండా భావనపాడు సముద్రం నీళ్ళు. "అత్తా, వీటిని మంచినీళ్ళు చేద్దాం" అన్నాడు, నేను బ్యాగు కింద పెట్టక ముందే.

ఈ పట్టు ఎక్కడిదో వదిన చెప్పింది. అన్నయ్య చెన్నైలో భవనాల పనిలో ఉన్నాడు కదా, పోయిన వారం ఫోన్లో "మేముండే వైపు కుళాయిలో సముద్రం నీళ్ళే వస్తాయిరా" అన్నాడట. అప్పట్నుంచి వీడికి ఒకటే బెంగ, నాన్న ఉప్పు నీళ్ళు ఎలా తాగుతున్నాడని. కూర్చోబెట్టి చెప్పాను. చెన్నైకి ఉత్తరాన మీంజూరులో 2010లో, దక్షిణాన నెమ్మేలిలో 2013లో పెద్ద ప్లాంట్లు మొదలయ్యాయి. ఒక్కోటీ రోజుకి 10 కోట్ల లీటర్ల మంచినీళ్ళు ఇచ్చేలా కట్టినవి. మన ఊళ్ళో టిన్నులు నింపే చోట ఉన్న ఆర్వో లాంటిదే అక్కడా. పలచటి పొర మీదికి నీటిని తోస్తారు, నీరు దాటుతుంది, ఉప్పు ఆగిపోతుంది. కాకపోతే సముద్రం నీళ్ళు లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు మోస్తాయి. వాటిని ఆ పొర దాటించాలంటే స్కూటర్ టైరులో గాలికి ఉండే ఒత్తిడికి దాదాపు 30 రెట్లు పెట్టాలి. అంత తోసినా చేతికొచ్చేది సగానికి లోపే, మిగిలింది ఇంకా చిక్కటి ఉప్పు నీరై సముద్రంలోకే పోతుంది. ఆ పొరని పనికొచ్చేలా చేసింది ఇద్దరు, సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్. 1960 ప్రాంతంలో, అమెరికాలో. "శ్రీనివాసంటే మనోళ్ళేనా?" అన్నాడు. మన దేశంలో పుట్టినాయనే అన్నాను. మొహం వెలిగిపోయింది.

మరి మనకి పంపు లేదు, పొర లేదు. వదిన పొయ్యి మీద కాచి ఆవిరి పడదామంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. గ్యాస్ సిలిండరు మొత్తం మండించినా 150 లీటర్లకి మించి రావు, అంటే ఏడు టిన్నులు. చెన్నైలో వాడే పద్ధతిలోనైతే 1000 లీటర్లకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు సరిపోతుంది. వదిన ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చూసింది.

మిగిలింది ఎండే. పెరట్లో నల్లటి ప్లాస్టిక్ బేసిన్లో సముద్రం నీళ్ళు పోసి, మధ్యలో స్టీలు గ్లాసు పెట్టి, పైన పారదర్శకంగా ఉండే కవరు బిగించి తాడు కట్టాం. కవరు నడిమధ్య ఒక గులకరాయి, గ్లాసుకి సరిగ్గా పైన వంగేలా. మొదటిసారి పాడయింది. నీడ వచ్చిందని బేసిన్ని జరుపుతుంటే నీళ్ళు తొణికి గ్లాసులో పడ్డాయి. తొమ్మిదిన్నరకి మళ్ళీ మొదట్నుంచి.

పది దాటాక కవరు లోపలి వైపు మసక పట్టింది. తర్వాత ఆ మసకే సన్నటి చుక్కలయింది, చుక్కలు పక్కపక్కవి కలుసుకుని లావయ్యాయి. లావయినది ఒక్క క్షణం వేలాడి, రాయి కిందికి జారి, టప్పుమని గ్లాసులో పడింది. వాడు బోర్లా పడుకుని ఒక్కో చుక్కనీ లెక్కపెట్టాడు. నేనూ పక్కనే కూర్చుండిపోయాను. వంట సంగతి వదినే చూసుకుంది.

అమ్మ మాత్రం అరుగు మీంచి కదల్లేదు. "ఏటే, నీళ్ళ కోసరం ఇంత తంటా? మా కాలంలో చెలమ తవ్వుకునేవోళ్ళం" అంది. సముద్రానికి కాస్త ఇవతల, సరుగుడు తోపు దాటాక ఇసకలో చెలమలు. కొబ్బరి చిప్పతో తోడి బిందెలో పోసుకునేవారు. "లోతుకి తవ్వకూడదు. ఆత్రంగా తోడకూడదు. తోడితే కిందనుంచి ఉప్పు పొంగుతాది." అమ్మ బడికెళ్ళలేదు. కానీ చెప్పింది అక్షరాలా నిజం. వాన నీరు తేలిక, అది ఇసక కింద ఉన్న బరువైన ఉప్పు నీటి మీద తేలుతుంది. పైపైన తీసుకుంటే తియ్యగా ఉంటుంది. ఇప్పుడు బోర్లు వేసి మోటార్లతో లాగుతుంటే ఆ ఉప్పే పైకొస్తోంది. మా పెరటి బోరు నీళ్ళు నాలుగేళ్ళుగా నోట పెట్టలేం. టిన్ను కొనాల్సిందే. అమ్మ చేతులు చెలమ తోడిన చేతులు, ఆవిడ టిన్నుకి డబ్బులు లెక్కపెట్టి ఇస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది.

నాన్న గుర్తొచ్చాడు. బతికినన్నాళ్ళూ నౌపడ ఉప్పు మడుల్లోనే పని. మడిలోకి సముద్రం నీరు పెట్టడం, ఎండకి ఆరనివ్వడం, చిక్కబడ్డాక ఇంకో మడికి మళ్ళించడం, చివర్లో తెల్లగా పేరుకున్నది పోగు చెయ్యడం. అన్ని ఎకరాల నీరు ఆకాశానికి పోయేది, ఎవరూ పట్టుకోలేదు. మధ్యాహ్నం నాన్న నాలుక పిడచకట్టి ఇంటికొచ్చి మొదట అడిగేది చెంబుడు నీళ్ళే, అవి అమ్మ చెలమ నుంచి మోసుకొచ్చినవి. ఈ రెండూ ఒకే ఇంట్లో జరిగాయని ఇవాళ ఆ బేసిన్ పక్కన కూర్చునే దాకా నాకు తట్టలేదు.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నది నీళ్ళు పైపుల్లో మా శ్రీకాకుళం జిల్లా తీరం వైపు ఊళ్ళకి, అదే ఉద్దానానికి, 2023 చివర్లో వచ్చాయి. నది ఉన్న జిల్లాకి ముందు నదే కావాలి, మా ఊళ్ళలో ప్రతి కుళాయికీ అది చేరాలి. సముద్రాన్ని వడకట్టడం దాని తర్వాత మాట.

సాయంత్రం అయిదింటికి కవరు విప్పితే గ్లాసులో సగం. అంతే! ఇలాంటివి బాగా కట్టుకుంటే చదరపు మీటరుకి రోజుకి 3 నుంచి 5 లీటర్లు వస్తాయి, మాది బేసిన్ మరి. మేనల్లుడు ఒక గుక్క తాగి "ఉప్పు లేదత్తా, రుచీ లేదు" అన్నాడు. మిగిలింది చిన్న సీసాలో పోసి, తేదీ రాసి కాగితం అంటించాడు. వాళ్ళ నాన్న వచ్చినప్పుడు చూపిస్తాడట.

అమ్మ అప్పుడు లేచి వచ్చింది. సీసా వైపు చూడలేదు. బేసిన్ అంచున నీటి గీత మీద తెల్లగా పట్టిన దాన్ని గోటితో గీరి నాలుక మీద వేసుకుంది. "ఇంకో రెండ్రోజులు ఎండలో ఉంచు నాన్నా," అంది వాడితో. "గింజ కడతాది."