ఇసుకలో తడి దగ్గర మొదలైన పొదుపు: ఒక భవనం పనిలో నా అనుభవం

ఆ బహుళ అంతస్తుల భవనం పనిలో నేను క్వాంటిటీలు, ప్లానింగ్ చూసేవాణ్ణి. పునాది తవ్వకం సాగుతుండగానే యజమాని తరఫు నుంచి లేఖ వచ్చింది. అందులో మూడు కోరికలు. ఎస్టిమేటు తగ్గాలి. నాణ్యత తగ్గకూడదు. నిర్మాణం వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఎంతో లెక్క చూపించి, దాన్నీ తగ్గించాలి. సైటు ఆఫీసులో అందరూ నవ్వేశారు. అప్పటిదాకా ఖర్చు నా ఫైలు, నాణ్యత క్వాలిటీ ఇంజనీరు ఫైలు. పర్యావరణం అంటే గేటు దగ్గర మొక్కలు, ఏడాదికో నివేదిక. ఈ మూడూ కలిపి చూడమని పని నాకు అప్పగించారు.

ఎస్టిమేటులో వందల ఐటమ్‌లు. ప్రతి ఐటమ్ పక్కన ధరతో పాటు కర్బనం గడి (దాని వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్ లెక్క) ఒకటి చేర్చి, ఎక్కువ నుంచి తక్కువకు సర్దాను. పైకి తేలినవి రెండే: సిమెంటు, స్టీలు. అందులో ఆశ్చర్యమేం లేదు. సిమెంటుకు మూలమైన క్లింకర్‌ను దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఇంధనం పొగ ఒక ఎత్తు, సున్నపురాయి విడిపోయేటప్పుడు రాయిలోంచే వచ్చేది మరో ఎత్తు. టన్ను క్లింకర్‌కు అర టన్ను పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఆ రాయి నుంచే వస్తుంది. బట్టీకి ఏ ఇంధనం వాడినా ఆ భాగం తప్పదు. కాబట్టి మా చేతిలో ఉన్న దారి తక్కువ క్లింకర్ వాడడం ఒక్కటే. రంగులు, టైల్స్, గేటు దగ్గర సోలార్ దీపాల మీద మీటింగులు చాలానే జరిగాయి కానీ, నా పట్టికలో అవి ఎక్కడో అడుగున ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

1940లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో లారెన్స్ మైల్స్ వాల్యూ ఇంజనీరింగ్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో సామాను దొరక్క, ఒక భాగానికి బదులు ఇంకేం వాడొచ్చో వెతకాల్సి వచ్చినప్పుడు పుట్టిన ఆలోచన అది. ఈ భాగం చేసే పనేమిటి, ఆ పని ఇంకెలా జరుగుతుంది అన్నవే అందులో అసలు ప్రశ్నలు. ఈ రోజుల్లో వాల్యూ ఇంజనీరింగ్ పేరుతో జరిగేది చాలాసార్లు చవక సామాను వెతుకులాటే. నేను మాత్రం ఆ పాత ప్రశ్నలే పట్టుకున్నాను. క్యూబిక్ మీటరు కాంక్రీటులో 400 కిలోల సిమెంటు ఉంది. అందులో ప్రతి కిలో ఏం పని చేస్తోంది?

సమాధానం కాస్త ఇబ్బందిగానే తేలింది. అందులో కొంత సిమెంటు మా అజాగ్రత్తను కప్పిపుచ్చడానికే పడుతోంది.

30 మెగాపాస్కల్ బలం ఉన్న కాంక్రీటు అంటే పరీక్షించిన క్యూబుల్లో (అదే కాంక్రీటుతో పోసిన నమూనా దిమ్మల్లో) నూటికి ఐదుకు మించి ఆ బలం కంటే తగ్గకూడదని లెక్క. క్యూబుల ఫలితాలు అటూ ఇటూ ఊగుతుంటాయి కాబట్టి మిక్స్ డిజైన్‌లో, అంటే ఏది ఎంత కలపాలో తేల్చే లెక్కలో, సగటు బలాన్ని 30 కంటే పైన పెట్టుకుంటాం. ఎంత పైన అంటే, ఫలితాల స్టాండర్డ్ డీవియేషన్‌ను (సగటు నుంచి అవి ఎంత చెదిరాయో చెప్పే అంకెను) 1.65తో గుణించినంత. మా ప్లాంటు ఫలితాల్లో ఆ డీవియేషన్ 5 దగ్గర ఉంది. అంటే 8.25 అదనం, లక్ష్యం 38 దాటుతుంది. అదే 3.5కు దించితే అదనం 5.8 చాలు. ఆ రెండున్నర మెగాపాస్కల్ తేడా కోసం ప్రతి క్యూబిక్ మీటరులోనూ సిమెంటు పోస్తున్నాం. ఫలితాల్లో ఊగిసలాట తగ్గిస్తే ఆ సిమెంటు అక్కర్లేదు. డబ్బు మిగులుతుంది, కర్బనం తగ్గుతుంది, కాంక్రీటూ నమ్మకంగా ఉంటుంది. మూడు ఫైళ్లూ కలిసే చోటు నాకు మొదట కనిపించింది ఇక్కడే.

ఊగిసలాట ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే ఇసుక దగ్గర తేలింది. క్యూబిక్ మీటరుకు సుమారు 700 కిలోల ఇసుక పడుతుంది. అందులో 5 శాతం తడి ఉంటే 35 లీటర్ల నీళ్లు లెక్కకు రాకుండానే లోపలికి పోయినట్టు. డిజైన్‌లో మొత్తం నీళ్లు 180 లీటర్లయితే ఈ 35 ఎంత పెద్ద వాటానో చూడండి. 1918లో డఫ్ ఏబ్రమ్స్ చెప్పినప్పటి నుంచీ అందరం వల్లె వేస్తున్నదే: బలం నీళ్లకూ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఆ నిష్పత్తి వానను బట్టి, ఇసుక కుప్పలో లోడర్ ఎక్కడ తవ్విందన్నదాన్ని బట్టి మారిపోతోంది. పైన ఆరిన ఇసుక ఒక లోడు, అడుగున నీరు కారే ఇసుక ఇంకో లోడు.

చేసిన పని చాలా మామూలుది. కుప్పల మీద కప్పు వేయించాం. కింద నీరు పోయేలా వాలు పెట్టించాం. వచ్చిన ఇసుకను వెంటనే వాడకుండా కొంతసేపు ఆరనిచ్చాం. రోజూ పొద్దునా, వాన పడ్డ ప్రతిసారీ కాస్త ఇసుకను పెనం మీద వేయించి తడి కొలిచి, ఆ మేరకు నీళ్లు తగ్గించి ఇసుక పెంచే పద్ధతి పెట్టాం. ప్లాంటు ఆపరేటరుకు మొదట విసుగొచ్చింది. "సార్, రోజూ ఈ పెనం మీద ఇసుక వేయించడమేనా?" అనేవాడు. కొన్నాళ్లకు స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూపే కొలత) ఒకేలా వస్తుండడం, ట్రక్కులు తిరిగి రావడం తగ్గడం అతనే గమనించి, వేరే షిఫ్టు వాళ్లకు తనే చెప్పడం మొదలుపెట్టాడు.

పోత దగ్గర ఇంకో యుద్ధం. కాంక్రీటు కాస్త బిగుసుకుంటే మేస్త్రీ చూపు నీళ్ల పైపు మీదికే పోతుంది. "పారట్లేదు సార్, ఒక్క బకెట్ పోయనివ్వండి" అంటాడు. అతని బాధ నిజమే, ఆ కాంక్రీటును లాగాల్సింది అతనే. వద్దని అరిస్తే లాభం లేదు. మనం అటు తిరగ్గానే పోస్తాడు. అందుకని పోత దగ్గర కొద్దిగా సూపర్ ప్లాస్టిసైజర్ అనే రసాయనం ఉంచి, ల్యాబ్ టెక్నీషియన్ చేతుల మీదుగా మాత్రమే కలిపే ఏర్పాటు చేశాం. పలచన అవుతుంది, నీళ్ల నిష్పత్తి మారదు. తగినన్ని ఫలితాలు చేతికొచ్చి డీవియేషన్ నిజంగా దిగిందని తేలాక, ట్రయల్ మిక్స్ వేసి క్యూబిక్ మీటరుకు 15 కిలోల సిమెంటు తగ్గించాం. చిన్న అంకెలా ఉంటుంది కానీ, భవనం మొత్తానికి గుణిస్తే యజమాని ప్రతినిధి కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

తరువాతది ర్యాఫ్ట్, అంటే భవనం కింద పరిచే పునాది పలక. ఒకటిన్నర మీటరు మందం. ఇక్కడ సిమెంటులో సగం తీసేసి బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగు (ఇనుము తీసేటప్పుడు మిగిలే చిట్టెం) పొడి వాడదామన్నాను. మామూలు సిమెంటుతో క్యూబిక్ మీటరుకు 350 కిలోల దాకా ఉండే కర్బనం అలా చేస్తే 200 కిందికి దిగుతుంది. పైగా ఇంత మందం పోతలో వేడి పెద్ద సమస్య. లోపలి భాగం 70 డిగ్రీలు దాటకూడదు, లోపలికీ పైపొరకూ తేడా 20 డిగ్రీలకు మించకూడదని చూసుకుంటాం, లేకపోతే పగుళ్లు. స్లాగు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి వేడీ నెమ్మదిగానే పుడుతుంది. అంటే ఇక్కడ కర్బనం తగ్గించడం నాణ్యతకు సాయమే.

మరి అడ్డం ఎక్కడ? కాంక్రీటు బలాన్ని మామూలుగా తేల్చే 28 రోజుల దగ్గర. స్లాగు కాంక్రీటు ఆ గడువుకు పూర్తి బలం చూపించకపోవచ్చు, ఆ తరువాత కూడా పెరుగుతూనే ఉంటుంది. స్పెసిఫికేషన్‌లో 28 రోజులు అని రాసి ఉంది. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ "రాసింది రాసినట్టే" అన్నారు. నేను లోడు వచ్చే క్రమం గీసుకుని వెళ్లాను. ర్యాఫ్ట్ మీదికి పూర్తి బరువు వచ్చేది భవనం పూర్తయ్యాక, మొదటి నెలల్లో దాని మీద ఉండేది రెండు మూడు అంతస్తులే. 56 రోజుల బలం చూస్తే ఏం పోతుందని అడిగాను. ఆయన అభ్యంతరం ఇంజనీరింగ్‌కు సంబంధించింది కాదని అప్పుడు బయటపడింది. 56వ రోజున క్యూబు ఫెయిలైతే, అప్పటికే పైన లేచిన అంతస్తులకు బాధ్యులెవరు? న్యాయమైన ప్రశ్నే. 7, 28 రోజుల దగ్గర కనీసం ఎంత రావాలో ట్రయల్ మిక్స్‌లలో బలం పెరిగిన తీరును బట్టి గీత గీసి, అది తప్పితే పని ఆపాలని రాసుకున్నాం. అప్పుడు సంతకం పెట్టారు.

స్లాబుల దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. అక్కడ సెంట్రింగ్ ఎంత త్వరగా విప్పితే పని అంత త్వరగా పైకి లేస్తుంది. తొలిరోజుల బలం తగ్గితే సెంట్రింగ్ అద్దె, కూలీల ఖాళీ రోజులు, మొత్తం గడువు అన్నీ పెరుగుతాయి. ఖర్చుకూ నాణ్యతకూ పర్యావరణానికీ పొసగదని అందరూ అంటారు. నేను చూసినంతలో ఆ మూడింటి మధ్య తగాదా చాలా తక్కువ. అసలు తగాదా కాలంతోనే. కాలం దండిగా ఉన్న ర్యాఫ్ట్‌లో మూడూ కలిసొచ్చాయి. కాలం బిగిసిన స్లాబులో స్లాగు 25 శాతం దగ్గరే ఆగిపోయింది. అది కూడా స్లాబులో ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టి, మెచ్యూరిటీ పద్ధతిలో (కాంక్రీటు వేడిని, గడిచిన సమయాన్ని బట్టి) అసలు బలం ఎంతొచ్చిందో చూసి విప్పడం వల్ల సాధ్యమైంది. ఎండాకాలంలో క్యాలెండర్ చెప్పేదానికంటే ముందే విప్పగలిగాం.

స్లాగు గురించి ఇంకో మాట. ప్రపంచంలో దొరికే మంచి స్లాగు చాలావరకు ఇప్పటికే ఎక్కడో ఒకచోట వాడకంలో ఉంది. నేను ఎక్కువ తీసుకుంటే మరొకరికి తగ్గుతుంది. నా నివేదికలో కర్బనం తగ్గినా, భూమ్మీద అంతా తగ్గినట్టు కాదు. అందుకే ఇసుక తడి వల్ల మిగిలిన ఆ 15 కిలోలంటేనే నాకు ఎక్కువ నమ్మకం.

స్టీలు విషయం త్వరగా తేలిపోయింది. 32 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 6.3 కిలోలు. రెండు రాడ్లను అతికేందుకు పక్కపక్కన పెట్టే పొడవు, అంటే ల్యాప్, 50 వ్యాసాలైతే 1.6 మీటర్లు. ప్రతి అతుకులోనూ పది కిలోల స్టీలు ఊరికే పక్కపక్కన పడుకుని ఉంటుంది. లావు రాడ్లకు కొసకు కొస కలిపే కప్లర్లు పెట్టించాం. 12 మీటర్ల పొడవుల్లోంచి ముక్కలు తక్కువ మిగిలేలా బార్ బెండింగ్ షెడ్యూల్ (రాడ్లు కోసి వంచే పట్టిక) మళ్లీ రాయించాం. స్లాబు మందం గొడవ మాత్రం సాగింది. అంచు ప్యానెళ్లకు కావలసిన మందాన్నే డిజైనర్ లోపలి ప్యానెళ్లన్నిటికీ వేశారు. లోపల 20 మిల్లీమీటర్లు తగ్గిస్తే చదరపు మీటరుకు 50 కిలోల బరువు తగ్గుతుంది, ప్రతి అంతస్తులోనూ. వంపు, అగ్ని నిరోధం, లోపల వెళ్లే కరెంటు పైపులు అన్నీ సరిచూశాకే ఒప్పుకున్నారు.

పొదుపు మాట ఎత్తగానే కొందరి చేయి కవర్ బ్లాకుల మీద పడింది. రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందాన్ని, అంటే కవర్‌ను, నిలిపే దిమ్మలవి. అక్కడ నేను గట్టిగా అడ్డం నిలబడ్డాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడి రాడ్డును చేరితే తుప్పుకు దారి పడుతుంది. అది చొరబడే లోతు కాలానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల కవర్ 15 అయితే, తుప్పు మొదలయ్యే గడువు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. డి సిట్టర్ 1984లో చెప్పిన ఐదు రెట్ల సూత్రం కూడా ఇదే లెక్క: కట్టేటప్పుడు ఒక రూపాయితో అయ్యేది ఆలస్యమైతే ఐదు, ఇంకా ఆలస్యమైతే ఇరవై ఐదు, చివరికి నూట ఇరవై ఐదు. పోతకు ముందు కవర్ కొలిచి సంతకం పెట్టనిదే పంపు స్టార్ట్ కాకూడదని నియమం పెట్టించాను. దీనివల్ల నా మీద కోపం వచ్చినవాళ్లు బాగానే ఉన్నారు.

చివరికి తెగనిది మిగిలిన డబ్బు ఎవరిదన్న సంగతి. ఒప్పందం ఐటమ్ రేటు మీద, అంటే కొలిచిన పనికి ఇంత అని. సిమెంటు తగ్గితే మీటరు రేటు మారదు, లాభం కాంట్రాక్టరుది. స్లాబు పలచనైతే కొలత తగ్గుతుంది, లాభం యజమానిది, కాంట్రాక్టరు బిల్లు చిన్నదవుతుంది. కన్సల్టెంటుకు రెండింటిలోనూ మిగిలేది మళ్లీ లెక్కలు కట్టే శ్రమే. ఒకరు కష్టపడితే ఇంకొకరికి లాభం వచ్చే చోట ఏ ఆలోచనా ముందుకు కదలదు. ఒక్కో మార్పుకు విడివిడిగా బేరమాడి, తేడాను పంచుకునేలా రాతపూర్వకంగా ఒప్పించడానికి పట్టిన కాలం, ఇంజనీరింగ్ లెక్కలకు పట్టినదానికంటే ఎక్కువ.

అందుకే తరువాతి పని టెండరు పత్రాలు నా చేతికి వచ్చినప్పుడు మూడు క్లాజులు ముందే పెట్టించాను. పునాది కాంక్రీటుకు 56 రోజుల బలం చాలు. క్యూబుల స్టాండర్డ్ డీవియేషన్ ప్రతి నెలా ఇవ్వాలి. ఎవరు సూచించిన మార్పు అయినా, మిగిలినదాంట్లో యజమాని, కాంట్రాక్టరు చెరి సగం, తిరిగి డిజైన్ చేసే ఫీజు అందులోంచే. ప్రీ-బిడ్ మీటింగులో మొదటి క్లాజు మీద ఎవరూ నోరెత్తలేదు. రెండోదాని మీద మాత్రం "ఆ అంకె మీకెందుకండీ, క్యూబు పాసైతే చాలదా?" అని ఒకరు లేచారు. ఇసుక తడి లెక్క బోర్డు మీద వేసి చూపించాను. ఆయన దాన్ని ఫోటో తీసుకుని కూర్చున్నారు. క్లాజు అలాగే ఉంది.