అకుల, ప్రిస్కిల్లల ఇంటి పొయ్యి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మిషనరీ ఆదివారం వచ్చిందంటే మన విశాఖ సంఘాల్లో కానుక కవర్లు పంచుతాం, విదేశంలో ఉన్న దంపతుల ఫోటో తెర మీద వేస్తాం, "వారి పరిచర్యను దీవించు తండ్రీ" అని ఒక్క మాట అని కూర్చుంటాం. ఆ ఒక్క మాట వింటే మనసు చివుక్కుమంటుంది. ఆ ఫోటోలో ఉన్నవాళ్లకు ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో ఒక పొయ్యి ఉంది. దాని కోసం ప్రార్థించేవాళ్లేరీ?

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మూడో వచనం తీయండి. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు వృత్తికి డేరాలు కుట్టేవారు. అపొస్తలుడైన పౌలుదీ అదే పని కాబట్టి వాళ్లతోనే కాపురమున్నాడు. మనం ఈ వచనాన్ని గబగబా దాటి, అదే అధ్యాయంలో తర్వాత వచ్చే అపొల్లో అనే బోధకుడి దగ్గరికి పరుగెడతాం. కొంచెం ఆగండి. పౌలు పుట్టిన తార్సు ఉన్న కిలికియ దేశం మేకవెంట్రుకల గుడ్డకు పేరు పొందింది. ఆ గుడ్డ తడిస్తే దారం ఉబ్బి సందులు మూసుకుపోతాయి, వాన దిగదు. కుట్టు దగ్గర మాత్రం అలా కాదు. అంచు మీదికి అంచు మడిచి, దబ్బనంతో రెండు వరుసలు బిగించి కుట్టాలి. ఒక వరుసే వేస్తే గాలికి డేరా గుంజుకున్నప్పుడు రంధ్రాలు సాగి నీళ్లు అక్కడే కారతాయి. మన ఫిషింగ్ హార్బరులో వల బాగుచేసే చేతుల్ని చూసినవాళ్లకు ఆ ఓపిక ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రోజంతా ఆ పని చేసిన ఇంట్లోనే సంఘం కూడింది. రోమా 16:5లోనూ 1 కొరింథీ 16:19లోనూ "వారి యింట" అనే మాటుంది. గుడ్డ పేలికలు, దారపు ఉండలు పక్కకు జరిపితేనే చాప పరవడానికి చోటు దొరికే ఇల్లు!

ఇప్పుడు మన తీరం నుంచి కెన్యా వెళ్లిన దంపతుల్ని తలుచుకోండి. దాని రాజధాని నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో నీళ్లు 100 డిగ్రీలకు మరిగితే, అక్కడ 94 దగ్గరే మరుగుతాయి. మూత పెట్టి ఉడికించినా కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కరు తప్పదు. దాని గాస్కెట్ సాగిందంటే వంట ఆగినట్టే, అందుకే వెళ్లేవాళ్ల పెట్టెలో అదే కంపెనీ గాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి ఉండాలి. తాగే నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి, 2,000 మీటర్లు దాటిన ఊళ్లలో మూడు నిమిషాలు. నీళ్లు మురికిగా ఉంటే ముందు తేరనిచ్చి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే కాచాలి. ఇంత చేసీ చాలా ఇళ్లలో జబ్బు ఎక్కడ అంటుతుందంటే, కాచిన నీళ్లను కడగని బిందెలో పోసి, చెయ్యి ముంచి గ్లాసు తీయడం దగ్గర. కుళాయి ఉన్న డబ్బా వాడితే ఆ బాధ ఉండదు.

గడియారం సంగతి వేరు. అక్కడ స్వాహిలీ భాష మాట్లాడేవారు గంటల్ని పొద్దుపొడుపు నుంచి లెక్కపెడతారు, లేఖన కాలపు యూదుల్లాగే. 'సా మోజా' అంటే ఒకటో గంట, మన ఉదయం ఏడు. 'సా తాతు', అంటే మూడో గంటకు కూటం అన్నారని మధ్యాహ్నం మూడింటికి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. ఉదయం తొమ్మిదికే అందరూ వచ్చి, ప్రార్థన చేసుకుని వెళ్లిపోయి ఉంటారు. సువార్త కంటే ముందు అంకెలు రావాలి, సంతలో ఉప్పు, నీళ్లు అడగడం రావాలి.

భాష దగ్గర జరిగే ఒక తప్పు గురించి గట్టిగానే చెప్పాలి. భర్త బయట తిరిగి ఆరు నెలల్లో మాట్లాడేస్తాడు. భార్య పిల్లలతో, వంటతో ఇంట్లో ఉండిపోతుంది, పొరుగింటి ఆడవాళ్లు వస్తే నవ్వడం తప్ప ఏమీ చేయలేదు. ఏడాది తిరిగేసరికి ఆమె ఒంటరితనం ఇంటినంతా కమ్ముకుంటుంది. మొదటి రోజు నుంచే భాష నేర్పే గురువు సమయాన్ని ఇద్దరికీ సగం సగం పంచాలి. ఆమె పాఠం జరుగుతున్నంతసేపు బిడ్డను ఎత్తుకోవాల్సింది ఆయనే. అపొల్లోను చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచింది అకుల ఒక్కడే కాదు, ప్రియులారా. ఇద్దరూ కలిసి. భాష రాని ప్రిస్కిల్ల ఎలా విశదపరుస్తుంది?

మన విశాఖ కూడా ఒకరికి విదేశమే కదా. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఇక్కడికి వచ్చి ముందు తెలుగు నేర్చుకున్నారు. క్రీస్తును నమ్మిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో అనువదించిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి ఇద్దరూ లేరు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించారు. అచ్చుపుస్తకాన్ని వాళ్లు చేత్తో ముట్టుకోలేదు. మనం ముట్టుకుంటున్నాం.

కాబట్టి ఫోను చేసేటప్పుడు దయచేసి వేళ చూడండి. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన ప్రార్థన కూటం ముగిసిన రాత్రి తొమ్మిదికి వాళ్లకు సాయంత్రం ఆరున్నర. ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, కలిపే వేళ, వాకిట్లో ఎవరో ఒకరు కూర్చుని ఉండే వేళ. మనకు రాత్రి పదకొండైనప్పుడు చేయండి, పిల్లలు పడుకుని ఉంటారు. "ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు?" అని మొదలుపెట్టకండి. జ్వరం తగ్గిందా, నీళ్లు వస్తున్నాయా, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. ఆవకాయ పంపితే ప్లాస్టిక్ సంచిలో కట్టకండి, 2017 నుంచి కెన్యాలో ఆ సంచులు నిషేధం. వెడల్పు మూతి సీసాలో ముక్క మునిగేలా నూనె పోసి, మూతకు టేపు చుట్టి, పాత తువ్వాలులో చుట్టి గుడ్డసంచిలో పెట్టండి. పచ్చి కరివేపాకు, విత్తనాలు పెట్టొద్దు, తనిఖీలో తీసేస్తారు.

పార్సిలు మీద ఇద్దరి పేర్లూ రాయండి. పౌలు తన పత్రికల్లో ఈ దంపతుల్ని మూడుచోట్ల తలుచుకున్నాడు. అందులో రెండుచోట్ల ముందు రాసింది ఆమె పేరే.