లాడాలు తీసేశాం

మా తెల్ల గుర్రం పెదవి ఎత్తి పళ్లు చూసిన పశువైద్యుడు, "18 ఏళ్లు దాటే ఉంటాయమ్మా" అన్నారు. నల్లగొండ చుట్టుపక్కల ఎంతమంది పెళ్లికొడుకులను మోసిందో లెక్కలేదు. ఈ మాఘంలో మిర్యాలగూడ ఊరేగింపులో బ్యాండు మోగుతుండగానే కుంటింది. ఆ రాత్రే అన్న, "ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం" అన్నాడు.

ముసలి గుర్రాన్ని ఊరికే మేపడానికి ఎవరు కొంటారు? బాగా చూసుకుంటే గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అంటే ఇంకో పదేళ్లపాటు రోజూ ఏడెనిమిది కిలోల మేత, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం. రాబడి సున్నా. అన్న లెక్క తప్పని నేననను, జేబు ఆయనది. (నేను చేసేదల్లా బాధపడటమే, అది ఉచితం.)

పళ్లు అరిగాయని ఉలవలు ఉడికించి పెడుతున్నాను. మొన్న తినడం ఆపి నా భుజం మీద గడ్డం ఆనించింది. వెచ్చటి ఊపిరి, మెడ మీద తడి, జొన్న చొప్ప వాసన. కదలకుండా అలాగే నిలబడ్డాను. అన్న గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

ఈ ఉదయం కొనేందుకు ఎవరో ఫోను చేశారు. అమ్మడం లేదని చెప్పి, నాలుగు లాడాలూ ఊడదీయించాడు.