పలాస పప్పు, నౌపడ ఉప్పు, చాక్లెట్ గుత్తులు

పలాస స్టేషన్‌లో రైలెక్కి పూండి దాటితే వచ్చేది నౌపడ జంక్షన్. ఒక చివర జీడిపప్పు, ఇంకో చివర ఉప్పు మడులు. తీపీ ఉప్పూ కలిసిన చాక్లెట్ గుత్తులు, అంటే గింజలూ మరమరాలూ కరిగించిన చాక్లెట్‌లో కలిపి పెట్టే ముద్దలు, చేయడానికి కావలసిన ముఖ్యమైన సరుకులు రెండూ ఇంత దగ్గరగా దొరికే జిల్లా మన శ్రీకాకుళం. చాక్లెట్ ఒక్కటే బయటి నుంచి రావాలి. ఓవెన్ అక్కర్లేదు, పాకం పట్టక్కర్లేదు. కానీ సముద్రం పక్కనున్న మన ఊళ్ళలో గాలిలో చెమ్మ ఎక్కువ. ఈ మిఠాయి పాడైందంటే నూటికి తొంభైసార్లు కారణం ఆ చెమ్మే. అందుకే కింద రాసిన వాటిలో సగం తడిని దూరంగా పెట్టే పద్ధతులే.

28 నుంచి 30 గుత్తులకు కొలతలివి: డార్క్ చాక్లెట్ 300 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 120 గ్రాములు, జీడిపప్పు బద్దలు 80 గ్రాములు, మరమరాలు 30 గ్రాములు, రాళ్ళుప్పు 3 గ్రాములు, అంటే అర టీస్పూను. మిల్క్ చాక్లెట్‌తోనూ చేయొచ్చు గానీ దానికి తీపి ఎక్కువ, ఉప్పు రుచి అణిగిపోతుంది. డార్కే మేలు.

జీడిపప్పులో గుండ్లు, అంటే విరగని పూర్తి గింజలు, కొనకండి. వాటి గ్రేడుల్లో డబ్ల్యూ 240 అంటే పౌనుకు (సుమారు 454 గ్రాములు) 220 నుంచి 240 గింజలు తూగే రకం, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 తూగేది. గింజ పెద్దదైతే ధరా పెద్దదే. గుత్తిలో గింజ ఆకారం ఎవరికీ కనపడదు, పైగా గుండ్రటి గింజకు చాక్లెట్ సరిగా పట్టదు. బద్దకు చదును వైపు ఉంటుంది, అక్కడ చాక్లెట్ అతుక్కుని పక్క గింజను పట్టుకుంటుంది. పలాస పక్కనున్న కాశీబుగ్గ దుకాణాల్లో బద్దలు, ముక్కలు గుండ్ల కంటే చవకగా దొరుకుతాయి. ఈ పనికి అవే సరైనవి.

వేయించడం విడివిడిగా చేయాలి. వేరుశనగ గుళ్ళు మందపాటి మూకుడులో సన్నసెగ మీద 10 నిమిషాలు పడతాయి. తొక్క చిట్లడం మొదలయ్యాక ఒక గింజ విరిచి చూడండి, లోపల బిస్కెట్ రంగు వచ్చి ఉండాలి. చల్లారాక నలిపి చేటలో చెరగండి. ముడుచుకుపోయినవి, నల్లమచ్చలున్నవి, బూజు వాసన వేసేవి ఏరి పారేయండి. ఆరోగ్యానికి మంచిది కాదన్న మాట అలా ఉంచితే, ఒక్క చేదు గింజ గుత్తి మొత్తాన్ని పాడుచేస్తుంది. జీడిపప్పుకు 5 నిమిషాలు చాలు, చేయి ఆపకుండా కలపాలి. కోరుకున్న రంగుకు కాస్త ముందే పళ్ళెంలో పోసేయండి, మూకుడు వేడికి దించాక కూడా అది రంగు మారుతూనే ఉంటుంది. చాలామంది అలవాటుకొద్దీ ఒక చెంచా నెయ్యి వేసి వేయిస్తారు. ఇక్కడ నెయ్యి వద్దు. గింజ మీద నెయ్యి చాక్లెట్‌లోని కొవ్వుతో కలిసి దాన్ని మెత్తబరుస్తుంది, గుత్తి గట్టిగా విరగదు, చేతికి అంటుకుంటుంది.

మరమరాలు, మనవైపు మూరీలు అంటాం కదా, పొట్లం విప్పిన గంటలోనే మెత్తబడతాయి. కలపబోయే ముందు సన్నసెగ మీద 3, 4 నిమిషాలు వేపి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే టక్కున పగలాలి. నోట్లో వేసుకుని ఉప్పు కూడా చూడండి. బియ్యానికి ఉప్పు పట్టించి వేపే మూరీల్లో ముందే ఉప్పుంటుంది, ఆ మేరకు పైన వేసేది తగ్గించాలి.

అన్నీ పూర్తిగా చల్లారాక మూత బిగించిన డబ్బాలో ఉంచండి. వేడి గింజలు చాక్లెట్‌లో వేస్తే చాక్లెట్ మళ్ళీ పలచబడి గుత్తులు కూలిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన గింజలైతే ఇంకో ఇబ్బంది: వాటి మీద నీటి ఆవిరి పడుతుంది, తగిలిన చోట చాక్లెట్ వెంటనే బిగుసుకుని ఉండలు కడుతుంది.

ఇక ఉప్పు. ఈ మిఠాయికి ప్రాణం ఇదే, అందరూ అశ్రద్ధ చేసేదీ ఇదే. చాక్లెట్‌లో నీళ్ళు ఉండవు కాబట్టి ఉప్పు కరగదు, ఎలా వేసిన పలుకు అలాగే ఉండిపోతుంది. అందుకని ఎంత వేశాం అన్నదానితో పాటు ఎంత పలుకు వేశాం అన్నదీ రుచిని నిర్ణయిస్తుంది. మెత్తటి ఉప్పు అంతటా పరుచుకుని మొత్తం కాస్త ఉప్పగా అనిపిస్తుందే తప్ప తీపిలో ఉప్పు తళుక్కుమనదు. మరీ పెద్ద రాయైతే పంటి కింద పడి చేదుగా తోస్తుంది. సముద్రపు రాళ్ళుప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, గాలిలో తడిని లాక్కునేది అదే. వర్షాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. కాబట్టి 10 గ్రాముల ఉప్పు పొడి స్టీలు గిన్నెలో సన్నసెగ మీద 3 నిమిషాలు వేడిచేసి, చల్లారాక రోట్లో నాలుగు పోట్లు వేయండి. మిక్సీ వద్దు, పిండి చేసేస్తుంది. టీ వడపోసే జల్లెడలో జల్లిస్తే కిందపడిన పొడి చాక్లెట్‌లో కలపడానికి, పైన మిగిలిన పలుకులు గుత్తుల మీద చల్లడానికి. మొత్తం 3 గ్రాముల్లో సగం లోపల, సగం పైన. మిగిలిందాన్ని బిగుతు సీసాలో దాచండి, ఇంకో రెండు వాయిలకు వస్తుంది.

చాక్లెట్ కొనేటప్పుడు అట్ట వెనక చదవండి. కొవ్వు దగ్గర కోకో బటర్ అని మాత్రమే ఉంటే అది అసలు చాక్లెట్. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అనో, పామ్ కెర్నెల్ నూనె అనో ఉంటే కాంపౌండ్. కేకుల సామాను అమ్మే దుకాణాల్లో దిమ్మలుగా దొరికేది ఎక్కువగా ఇదే. రుచిలో అసలు చాక్లెట్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఏసీ లేని ఇంట్లో దాన్ని నిలబెట్టలేం. ఎండాకాలం కాంపౌండ్, సంక్రాంతి రోజుల్లో అసలు చాక్లెట్ అనుకుంటే సరిపోతుంది. రెండూ కలిపితే బాగుంటుందేమో అనుకోకండి. ఆ రెండు కొవ్వులు ఒకదాన్నొకటి మెత్తబరుస్తాయి, నాలుగు రోజుల్లో పైన తెల్లపొర వస్తుంది.

కరిగించే ముందు చాక్లెట్‌ను శనగబద్దంత ముక్కలుగా తరగండి. ఒక గిన్నెలో రెండు అంగుళాల నీళ్ళు మరిగించి పొయ్యి ఆపేయండి. దాని మీద ఇంకో పొడి గిన్నె పెట్టండి. పై గిన్నె కింది దానికంటే వెడల్పుగా ఉండాలి, అడుగు నీళ్ళకు తగలకూడదు. వెడల్పు ఎందుకంటే ఆవిరి పక్కనుంచి లేచి చాక్లెట్‌లో పడకుండా. నాలుగు చుక్కల నీళ్ళు పడినా చాలు, చాక్లెట్‌లోని చక్కెర ఆ తడికి ముద్దకట్టి అంతా పిట్టులా అయిపోతుంది. చెక్క గరిటె కూడా వాడకండి, కడిగిన తడి చెక్కలో మిగిలే ఉంటుంది. సిలికాన్‌దో స్టీలుదో తీసుకోండి. అలా ముద్దకట్టినదాన్ని మళ్ళీ గుత్తులకు వాడలేం. పారేయక్కర్లేదు మరి, చెంచా చెంచాగా వేడిపాలు పోస్తూ కలిపితే మళ్ళీ నునుపై ఐస్‌క్రీమ్ మీద పోసుకునే సాస్ అవుతుంది.

కాంపౌండ్ అయితే 45 డిగ్రీల దాకా కరిగించి, 40కి దిగాక గింజలు కలపొచ్చు. చిక్కగా అనిపిస్తే 300 గ్రాములకు ఒక టీస్పూను రిఫైన్డ్ కొబ్బరినూనె కలపండి, నీళ్ళూ పాలూ కాదు.

అసలు చాక్లెట్‌కు టెంపరింగ్ చేయాలి, అంటే కోకో బటర్‌ను సరైన పద్ధతిలో గడ్డకట్టించడం. ఇది చేయకపోతే గుత్తి గంటలు గడిచినా ఆరదు, ఆరాక బూడిదరంగు చారలు పడతాయి. ఇంట్లో తేలికైన పద్ధతి: 300 గ్రాముల్లో 100 గ్రాములు పక్కన పెట్టి 200 గ్రాములు 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించండి. గిన్నె దించి అడుగున తడి తుడిచి, పక్కన పెట్టినదాన్ని మూడు విడతలుగా వేస్తూ కలుపుతూ ఉండండి. 31, 32 డిగ్రీలకు దిగేసరికి సిద్ధం. మిల్క్ చాక్లెట్‌కైతే 29, 30. థర్మామీటర్ లేకపోతే చెంచా కొనతో ఒక చుక్క కింది పెదవికి తాకించండి, వేడిగా కాకుండా కాస్త చల్లగా తగలాలి. కత్తి మొనను ముంచి పక్కన పెడితే 5 నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే టెంపర్ కుదిరినట్టు. గది 25 డిగ్రీలు దాటితే ఈ పరీక్ష నమ్మకం కాదు, అందుకే తెల్లవారుజామున చేయమంటాను.

కలిపే క్రమం: ముందు మెత్తని ఉప్పు, తర్వాత వేరుశనగ, జీడిపప్పు, చివర మరమరాలు. మరమరాలు వేశాక గరిటెతో అడుగునుంచి పైకి నాలుగైదుసార్లు మడవండి, అంతే. గట్టిగా కలిపితే నలిగి చాక్లెట్ తాగేస్తాయి, గుత్తి పొడిగా విరిగిపోతుంది.

పళ్ళెంలో బటర్ పేపర్ పరిచి, రెండు చెంచాలతో పెద్ద ఉసిరికాయంత ముద్దలు పెట్టుకుంటూ పోండి, ఒక్కోటి 18 గ్రాముల దాకా వస్తుంది. కిందికి జారి చుట్టూ మడుగు కట్టిందంటే చాక్లెట్ ఇంకా వేడిగా ఉంది, రెండు నిమిషాలు ఆగండి. ముద్ద పట్టుకోక గింజలు విడిపోతుంటే చాక్లెట్ చల్లబడిపోయింది. ఖాళీ గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి దానిమీద నిమిషంపాటు ఉంచండి. ఆరేడు నిమిషాల్లో వాయి అంతా పెట్టేయాలి కాబట్టి ఇద్దరుంటే మంచిది, ఒకరు ముద్దలు పెడుతుంటే ఇంకొకరు ఉప్పు చల్లుతారు.

చల్లడానికి సమయం చూసుకోవాలి. పెట్టిన వెంటనే చల్లితే పలుకులు లోపలికి మునిగిపోతాయి. పూర్తిగా ఆరాక చల్లితే రాలిపోతాయి. పైన తడి మెరుపు తగ్గి పాలమీగడ పొరలా మారుతున్నప్పుడు, జానెడు ఎత్తు నుంచి వేళ్ళతో రాలిస్తే ఒకేచోట కుప్పపడదు. గుత్తికి ఆరేడు పలుకులు చాలు.

ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే 10, 15 నిమిషాలే, అదీ మూత ఉన్న డబ్బాలో. బయటకు తీశాక అరగంట నుంచి గంట వరకు మూత తీయకండి. చల్లటి చాక్లెట్ మీద మన గాలి తగిలితే నీటిబిందువులు పడతాయి, పైన చక్కెర కరిగి, ఆరాక గరుకైన తెల్లపొర మిగులుతుంది. చల్లిన ఉప్పు ఆ నీటిలో కరిగి చెమట పట్టినట్టు అవుతుంది. వేడివల్ల కొవ్వు పైకి తేలి వచ్చే తెల్లపొర వేరు, దాన్ని వేలితో రుద్దితే కరిగిపోతుంది. రెండూ తినడానికి ప్రమాదం కావు, చూపే బాగుండదు.

మార్పులు చేయాలనుకుంటే తడి లేని ఏదైనా పనికొస్తుంది. వేయించిన నువ్వులు 30 గ్రాములు, ఉద్దానం ఎండుకొబ్బరి తురుము దోరగా వేపి 25 గ్రాములు. పచ్చికొబ్బరి మాత్రం వద్దు, దానిలో నీళ్ళున్నాయి. బెల్లం ముక్కలూ అంతే, రెండు రోజుల్లో నీరుకారుతాయి. మరమరాల బదులు కారం, వాము వేయని జంతికలు విరిచి వేస్తే ఉప్పు, కరకర రెండూ వస్తాయి. అయితే ముందురోజే చేసి, నూనె పీల్చే కాగితం మీద రాత్రంతా ఉంచి వాడండి. అన్నిటికంటే నాకు నచ్చేది భీమాలి మామిడి తాండ్ర. బఠాణీ గింజంత ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా కాస్త కోకో పొడిలో దొర్లించి, 50 గ్రాములు చివర్లో కలపండి. డార్క్ చాక్లెట్ చేదు, తాండ్ర పులుపు, పైన నౌపడ ఉప్పు. ఇది వేసినప్పుడు జీడిపప్పు 50 గ్రాములకు తగ్గించండి, లేకపోతే చాక్లెట్ చాలదు.

గాలి చొరని డబ్బాలో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వేసి, చల్లటి గదిలో ఉంచితే మూడు వారాలు నిలుస్తాయి. తాండ్ర వేసినవి వారంలో తినేయండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు వేరుశనగ, జీడిపప్పు ఉన్నాయని చెప్పి ఇవ్వాలి, పడనివాళ్ళకు అది చిన్న విషయం కాదు. విశాఖకు బస్సులో పట్టుకెళ్ళాలంటే స్టీలు డబ్బాను మందపాటి తువ్వాలులో చుట్టి, తొలి బస్సుకే బయల్దేరండి. కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టకండి.