పాత ల్యాప్‌టాప్‌కి కొత్త ఓఎస్: ముందు డిస్క్ మార్చండి, తర్వాత మిగతావి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 అనే ఓఎస్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. కర్నూలైనా కడపైనా అనంతపురమైనా, పాత ల్యాప్‌టాప్ పట్టుకొని షాపుకి పోతే వినబడేవి రెండే మాటలు. ‘పదకొండు ఎక్కిచ్చేద్దాం’ అంటారు, లేకుంటే ‘దీంట్లో ఏం లేదు సార్, కొత్తది తీసుకోండి’ అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

ఇక్కడ చెప్పేది 2014 నుంచి 2017 మధ్య కొన్న రకం గురించి. ఇంటెల్ ఐ3 5005యు (ఐదో తరం) గానీ 6006యు (ఆరో తరం) గానీ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ లేదా 1 టీబీ తిరిగే హార్డ్ డిస్క్. పిల్లోడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొనిచ్చింది, ఇప్పుడు అంగడి బిల్లింగుకో, ఇంటర్ చదివే చెల్లెలికో దిగింది. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు. తప్పంతా ప్రాసెసర్‌ది అనుకుంటారు గానీ, టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ ఇరవై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం వంద దగ్గర నిలబడిపోయి ఉంటుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి తోడు హెడ్ అటూ ఇటూ జరిగే సమయం. బూట్ అయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి, వెనకాల అప్‌డేటు, యాంటీవైరస్, ఇండెక్సింగ్ మూడూ అదే డిస్క్ మీద పడతాయి. దాని మీద ఏ ఓఎస్ ఎక్కించినా నాలుగు రోజులకి మళ్లీ అదే పాట. అందుకే మొదటి ఖర్చు, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్క్‌కే పెట్టాలి.

కావలసింది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం, 240 లేదా 256 జీబీ. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందముంటే కొత్తది బేలో (డిస్క్ కూచునే గూడులో) కదులుతుంది. కొన్నిటితో ప్లాస్టిక్ స్పేసర్ వస్తుంది. రాకపోతే పాత డిస్క్‌కున్న ఇనుప ఫ్రేమ్‌కే నాలుగు స్క్రూలు బిగిస్తే చాలు. రెండో తరం ఐ3, ఐ5ల్లాంటి ఇంకా పాతవాటిల్లో సాటా వేగం సగమే ఉండొచ్చు. దానికి బాధపడక్కర్లేదు, మనకి తేడా తెలిసేది ఫైలు వెతుక్కునే సమయంలో, పెద్ద సినిమా కాపీ చేసే వేగంలో కాదు. డిస్క్ బదులు 32 జీబీ ఈఎంఎంసీ చిప్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. ఆ చిప్‌ని బోర్డుకే అతికించి ఉంటారు, మార్చడం కుదరదు.

ఎస్ఎస్‌డీ కొనడంలో ఇంకో పెద్ద లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయాల్సిన పనే లేదు. తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ని యూఎస్‌బీతో కలిపే డబ్బాలో) పెట్టి, పక్కన పెట్టేయొచ్చు. మన దగ్గర ‘ఫార్మాట్ చేస్తే సీ డ్రైవ్ ఒక్కటే పోతుంది, డీలో పెట్టుకుంటే భద్రం’ అన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. విండోస్‌ని సీ పార్టిషన్‌లోనే ఎక్కించినప్పుడు అది నిజమే. విండోస్ బదులు వాడే ఉచిత ఓఎస్ లైనక్స్ మింట్ ఇన్‌స్టాలర్‌లో ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే సీ, డీ, ఈ అన్న భేదం ఉండదు, డిస్క్ మొత్తం పోతుంది. పెళ్లి ఫొటోలు, ట్యాలీ డేటా, సర్టిఫికెట్ల స్కాన్లు ఎక్కువగా పోయేది ఈ ఒక్క బటన్ దగ్గరే. డిస్క్ బయట ఉంటే ఆ భయమే లేదు.

బయటికి తీసేముందు మూడు పనులు. ఒకటి, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాం నడిపి 05, సీ5, సీ6 వరసలు చూడండి. సీ5 వరసలో ‘రా వాల్యూస్’ గడిలో సున్నా తప్ప వేరే అంకె కనబడితే డిస్క్ చదవలేని చోట్లు ఉన్నట్టే. అన్నీ ఆపి ముఖ్యమైనవి వెంటనే వేరే చోటికి కాపీ చేయండి, క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం) జోలికి పోవద్దు. రెండు, షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు మామూలు షట్‌డౌన్ అంటే సగం నిద్రే, తర్వాత లైనక్స్‌లో ఆ డిస్క్ పెడితే చదవడానికే ఇస్తుంది గానీ రాయనివ్వదు. మూడు, సెట్టింగుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బ్రౌజర్‌లోని పాస్‌వర్డులు, ఆఫీస్ కీ కూడా అప్పుడే.

డీవీడీ డ్రైవ్ ఉంటే దాని స్థానంలో క్యాడీ (డిస్క్ పట్టే చట్రం) పెట్టి పాత డిస్క్‌ని లోపలే వాడుకోవచ్చు. క్యాడీ 9.5 మందమా, 12.7 మందమా అన్నది కొలిచి కొనాలి. ఎస్ఎస్‌డీ మాత్రం అసలు బేలోనే ఉండాలి, క్యాడీలో వద్దు. కొన్ని ల్యాప్‌టాప్‌లు డీవీడీ వైపు నుంచి బూట్ కావు.

ర్యామ్ 4 జీబీ అయితే ఇంకో 4 వేయండి, 8 సరిపోతుంది. తప్పు జరిగేది కొనేటప్పుడు. నాలుగో తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లకి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 దూరుతుంది, నాచ్ కూడా సరిపోతుంది, కానీ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. స్టిక్కర్ మీద ‘పీసీ3ఎల్’ అని ఉంటేనే తీసుకోండి. 6006యు ఉన్నవాటిల్లో కొన్ని డీడీఆర్4, కొన్ని డీడీఆర్3ఎల్. ఊహించకుండా పాత ర్యామ్ పట్టుకొని షాపుకి పోండి.

మూత విప్పేటప్పుడు, బ్యాటరీ లోపలిదైతే ముందు దాని కనెక్టర్ తీసేయాలి. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చలికాలంలో ఒంట్లో స్టాటిక్ బాగా చేరుతుంది. ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పుల్లేకుండా పాలిస్టర్ దుప్పటి మీద కూచొని చేసే పని కాదిది. ఇనుప కిటికీ చువ్వనో బీరువానో ముట్టుకొని తర్వాత చెయ్యి పెట్టండి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, పొట్టిదాని చోట పొడుగుది తిప్పితే పైన అరచేయి ఆనే చోట గుల్ల లేస్తుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే, టచ్‌ప్యాడ్ పైకి లేచి కనబడుతుంది, ఆ బ్యాటరీని మళ్లీ పెట్టొద్దు, గుచ్చొద్దు.

విప్పారు కదా అని ఫ్యాన్ కూడా చూడండి. ఎర్రమట్టి దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద కంటే, ఫ్యాన్‌కీ రాగి ఫిన్‌లకీ మధ్యన గడ్డకట్టి ఉంటుంది, ఉన్ని కంబళి ముక్కలాగా ఊడొస్తుంది. బయట నుంచి బ్లోయర్ కొడితే అది ఇంకా లోపలికే పోతుంది. ఫ్యాన్ విప్పి బ్రష్‌తో తీయాలి, గాలి కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోవాలి. పాత థర్మల్ పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజంత పెట్టి, చిప్ అంతా పల్చగా పరిచి, హీట్‌సింక్ స్క్రూలని వాటి మీదున్న 1, 2, 3 అంకెల వరసలో బిగించండి. ఇది చేయకపోతే మే నెలలో, గదిలోనే నలభై డిగ్రీలున్న మధ్యాహ్నం, ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మళ్లీ తిట్లు తినేది కొత్త ఓఎస్సే.

ఇక ఏ ఓఎస్? ఇది ఇష్టాన్ని బట్టి కాదు, ఆ సిస్టమ్ మీద నడిచే పనిని బట్టి తేలాలి.

ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్ర యంత్రం, అను ఫాంట్లతో పేజ్‌మేకర్: వీటిలో ఏ ఒక్కటి రోజూ కావాల్సి ఉన్నా విండోస్‌లోనే ఉండండి. విండోస్ 10లో చివరి వెర్షన్ 22హెచ్2 ఉంటే, 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. కొన్నప్పుడు ‘డాస్’ అని తక్కువ ధరకి వచ్చిన ల్యాప్‌టాప్‌లకి అసలు లైసెన్సే లేదు. షాపులో వేసిన నకిలీ యాక్టివేటర్ మీద ఇన్నాళ్లు నడిచాయి. వాటిలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) కావాలి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేస్తే ఈ తనిఖీలు దాటేయొచ్చు, ఐదో తరం మీద కూడా ఎక్కుతుంది. షాపులో ‘పదకొండు ఎక్కిచ్చేద్దాం’ అంటే అర్థం ఇదే. కానీ ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, ప్రతిసారీ మళ్లీ రూఫస్ పట్టుకొని కూచోవాలి. 4 జీబీ ర్యామ్‌లో సగానికి పైగా ఊరికే ఆన్ చేసినందుకే పోతుంది. కోర్ 2 డ్యుయో కాలం వాటిమీదైతే విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు, ఆ ప్రాసెసర్లలో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేదు. దానికి ఏ చిట్కా పనిచేయదు. 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉండి, విండోస్ తప్పనిసరైనవాళ్లు చేసుకోవచ్చు. మిగతావాళ్లకి అనవసరపు తంటా.

బ్రౌజర్, యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్ లాంటి రాతపని, పీడీఎఫ్‌లు, ఇంతే అయితే లైనక్స్ మింట్ 22లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ కోసం దించుకునే) ఫైలు 3 జీబీకి అటూ ఇటుగా ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా పోతుంది. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్ పెడితే పాత బయోస్‌లోనూ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం), దాని కొత్త రూపం యూఈఎఫ్ఐలోనూ బూట్ అవుతుంది. డౌన్‌లోడ్ సగంలో తెగి మళ్లీ మొదలైన ఐఎస్ఓ అయితే ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు సరిగ్గా దిగిందో చెప్పే కోడ్) సరిచూసుకోండి. ఇన్‌స్టాల్ నడిమధ్యలో వచ్చే వింత తప్పులు చాలావరకు చెడిన ఐఎస్ఓ నుంచో, నాసిరకం పెన్‌డ్రైవ్ నుంచో వస్తాయి.

బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్ కాస్త మొండిది. ఎఫ్2తో బయోస్‌లోకి పోయి ఎఫ్12 మెనూని ముందు ఎనేబుల్ చేయాలి. ఇన్‌స్టాల్ అయ్యాక ‘నో బూటబుల్ డివైస్’ అంటే సెక్యూర్ బూట్ కింద మింట్‌ని బూట్ చేసే యూఈఎఫ్ఐ ఫైల్‌ని నమ్మదగినదిగా ఎంచుకోవాలి. ఆ ఆప్షన్ బూడిదరంగులో నొక్కబడకుండా ఉంటుంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితేనే తెరుచుకుంటుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే పెద్ద గొడవ, పనైపోగానే తీసేయండి.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కొద్దు. వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, బ్రైట్‌నెస్ మీటలు, మూత మూసి తెరిస్తే నిద్రలేవడం, అన్నీ అక్కడే చూసుకోండి. వైఫై కనబడకపోతే అది బ్రాడ్‌కామ్ చిప్ అయ్యుంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే డ్రైవర్ అదే చూపిస్తుంది. కొన్ని హెచ్‌పీల్లో రియల్‌టెక్ 8723బీఈ చిప్ ఉంటుంది, రౌటర్ పక్కనే కూచున్నా ఒక్క గీత. లోపల యాంటెన్నా తీగ ఒక్కటే ఉంటుంది, డ్రైవరేమో రెండో కనెక్టర్ వైపు చూస్తుంటుంది. డ్రైవర్ సెట్టింగ్‌లో (మాడ్యూల్ ఆప్షన్‌లో) యాంటెన్నా ఎంపికని 1 పెట్టి చూసి, కుదరకపోతే 2 పెట్టి రీస్టార్ట్ చేస్తే గీతలు నిండుతాయి. వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ తప్పు అంటున్నాయంటే గడియారం 2015లోనో ఎక్కడో ఆగి ఉంటుంది. బోర్డు మీది బటన్ బ్యాటరీ, చాలావాటిల్లో సీఆర్2032, మార్చండి. విండోస్ కూడా పక్కన ఉంచుకొని, టైము సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బ్యాటరీ తప్పు కాదు. లైనక్స్ గ్రీనిచ్ టైము రాస్తుంది, విండోస్ మన టైము అనుకొని చదువుతుంది.

కరెంటు సంగతి ఇక్కడే చెప్పాలి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేసుకుంటే సరిపోతుంది, కానీ బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డే పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల మీటని యూపీఎస్ మోడ్‌కి తిప్పండి. రెండో మోడ్‌లో మారే సమయం ఎక్కువ, ఫ్యాన్లకి ఫర్వాలేదు గానీ బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ ఆ సందులో ఆగిపోవచ్చు.

ఎక్కించాక టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకోడానికి కాపీ) తీసిపెట్టి, తర్వాతే అప్‌డేట్లు. యూట్యూబ్ పెడితే ఫ్యాన్ గోల చేస్తుందంటే, ఐదో తరం చిప్‌కి యూట్యూబ్ పంపే వీపీ9 రకం వీడియో పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పడం చేతకాదు. హెచ్‌264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 పంపుతుంది, సీపీయూ చల్లబడుతుంది.

తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు కలుపుకుంటే అయిపోయింది. మిగతావాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ అనే పద్ధతులు ఉన్నాయి. డీటీపీలో యాపిల్ లేఅవుట్ చేతికి అలవాటైనవాళ్లకి అది కూడా అందులోనే ఉంది. పాత అను ఫైళ్లు మాత్రం తెరిస్తే పిచ్చి గీతల్లా కనబడతాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. విండోస్‌లో ఉండగానే కన్వర్టర్‌తో మార్చి పెట్టుకోండి.

చివరగా ప్రింటర్. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీఎల్‌ఐపీతో (లైనక్స్‌కి హెచ్‌పీ డ్రైవర్లతో) పాటు దాని ప్లగిన్ కూడా దించాలి. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ పంపాలి, ప్లగిన్ లేకపోతే జాబ్ పోతుంది గానీ కాగితం కదలదు. జిరాక్స్ అంగళ్లలో, చిన్న ఆఫీసుల్లో కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 ఉంటే లైనక్స్‌లో దానితో తలనొప్పి ఎక్కువ. డ్రైవర్ ఎక్కినా రెండు రోజులు పనిచేసి మూడోరోజు మొండికేస్తుంది. అలాంటి చోట ప్రింటింగ్‌కి ఒక విండోస్ సిస్టమ్ విడిగా ఉంచుకొని, పీడీఎఫ్ అటు పంపడమే సుఖం.