కళ్ళు తెరిచి శవాసనం

అలారం ఐదున్నరకి మోగింది. నేను లేచింది ఏడూ పదికి. మధ్యలో ఆ వంద నిమిషాలూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. నిద్ర వచ్చి కాదు, లేవలేక. డిప్రెషన్ రానివాళ్ళకి ఈ తేడా చెప్పడం కష్టం. బద్ధకం అనుకుంటారు. బద్ధకంలో కాస్త హాయైనా ఉంటుంది కదా, ఇందులో అదీ లేదు.

మ్యాట్ మంచం పక్కనే పరిచి ఉంచుతున్నాను. చుట్టి మూలన పెడితే మళ్ళీ పరవడమే కొండంత పని అవుతోంది. కాలు కింద పెడితే మ్యాట్ మీద పడాలి, అంతే. ఈరోజు అలా పడింది కాబట్టే ఏదో చేశాను. మార్జాలాసనం, తాడాసనం, రెండు వైపులా వీరభద్రాసనం, చివర సేతుబంధాసనం. చూస్తే పదకొండు నిమిషాలే అయ్యాయి. నలభై అనుకున్నాను మరి.

మొదట్లో క్లాసులో అందరితో పాటు ముందుకు వంగే ఆసనాలు ఎక్కువ చేసేదాన్ని. పశ్చిమోత్తానాసనంలో తల మోకాళ్ళకి ఆనగానే ఏడుపు తన్నుకొచ్చేది. అందరూ మనసు తేలికైంది అంటుంటే నాకు ఇంకా లోపలికి కూరుకుపోయినట్టుండేది. రెండు వారాలు ఓర్చుకుని టీచర్‌కి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. నిలబడి చేసేవీ, ఛాతీ విచ్చుకునేవీ ముందుకు తెచ్చి, వంగేవి తగ్గించారు.

శవాసనం మాత్రం నాకు ఇప్పటికీ అన్నిటికన్నా కష్టం. కదలకుండా కళ్ళు మూసుకుంటే చాలు, పదేళ్ళనాటి తప్పులన్నీ వరసకట్టి వస్తాయి. "కళ్ళు తెరిచే పడుకోమ్మా, ఫ్యాన్ రెక్కలు చూస్తూ మూడు నిమిషాలుంటే చాలు" అన్నారావిడ. కళ్ళు తెరిచిన శవమా అని నవ్వొచ్చింది. ఆ నెలలో నేను నవ్విన మొదటిసారి అదే అనుకుంటా.

మధ్యాహ్నం పిన్ని ఫోన్. "ఇంకా ఆ మాత్రలేనా? యోగా చేస్తున్నావుగా, మానేయరాదూ?" ప్రేమతోనే అంటుంది, తెలుసు. అయినా ఒళ్ళు మండింది. ఆ మాట విని ఒకసారి మానేశాను కూడా. నాలుగో రోజుకి తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం. నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చాను. తగ్గించాలంటే డాక్టర్ చూస్తుండగా మెల్లగా తగ్గించాలని అప్పుడు తెలిసింది.

ఫోన్ పెట్టేశాక ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపింది, యోగా మందుతో సమానమని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ నిరూపించిందట. ఆ అధ్యయనం నేను చదివాను. 2000లో వచ్చింది. తీవ్రమైన డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరిన 45 మందిని మూడు గుంపులు చేశారు. నాలుగు వారాలయ్యాక సుదర్శన క్రియ అనే లయబద్ధమైన శ్వాస సాధన చేసినవాళ్ళలో 67 శాతం, ఇమిప్రమిన్ అనే మందు వాడినవాళ్ళలో 73 శాతం కోలుకున్నారు. షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో 93 శాతం. ఈ మూడో అంకె ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు! గుంపుకి పదిహేను మందే అనీ ఉండదు. అలాగని తీసిపారేసేది కాదు, ఆ 67 నాకూ ధైర్యమిచ్చింది. కానీ వాళ్ళు డాక్టర్ల కళ్ళముందు, ఆసుపత్రిలో ఉండి చేశారు. నేను ఒక్కదాన్నే ఫ్యాన్ చూస్తూ చేస్తున్నాను.

నాకు ఇంకా నచ్చింది 2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష. 218 అధ్యయనాలు కలిపి చూస్తే డిప్రెషన్‌కి నడక, పరుగు, యోగా, బరువులెత్తడం బాగా పనిచేశాయని తేలింది. ఆధారాలు అంత గట్టివి కావని కూడా వాళ్ళే రాశారు. ఆ నిజాయితీకే నమ్మాలనిపించింది. యోగా పక్కనే మామూలు నడక ఉండటం కూడా బాగుంది. మ్యాట్ దాకా వెళ్ళలేని రోజు వీధి చివరిదాకానైనా వెళ్ళొచ్చు.

సాయంత్రం కాసేపు శ్వాస. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, నాడి పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అందుకే వదలడం ఎక్కువసేపు. భస్త్రిక లాంటి వేగమైన ప్రాణాయామాలు చేస్తానంటే డాక్టర్ ముందు ఒక మాట అడిగారు, ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి విపరీతమైన హుషారు వచ్చిందా అని. బైపోలార్, అంటే దిగులూ అలాంటి హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళకి అవి మంచివి కావట. నాకు అలాంటిది లేదు, అయినా జోలికి పోలేదు.

రాత్రి పతంజలి యోగసూత్రాలు తిరగేశాను. మొదటి పాదం ముప్ఫయ్యో సూత్రంలో తొమ్మిది అడ్డంకుల పేర్లున్నాయి. వ్యాధి, స్త్యానం, సంశయం, ప్రమాదం (ఏమరుపాటు), ఆలస్యం... అక్కడ ఆగిపోయాను. ఆలస్యం అంటే బద్ధకమే. మరి స్త్యానం? ఆ సూత్రాలకి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం చూస్తే "అకర్మణ్యతా చిత్తస్య" అనుంది, మనసు పనికి లొంగని స్థితి. రెండూ వేరువేరు! పొద్దున నేను పైకప్పు చూస్తూ పడుకున్న ఆ వంద నిమిషాలకి ఎప్పుడో పేరు పెట్టేశారన్నమాట. తరవాతి సూత్రం ఇంకా విచిత్రం. దుఃఖం, దిగులు, ఒళ్ళు వణకడం, శ్వాస గతి తప్పడం, నాలుగూ ఒక్క వరసలో ఉన్నాయి. మనసుది వేరు, ఒంటిది వేరు అని గీత గీయలేదు.

పిన్నికి ఈ సూత్రం పంపిద్దామా అనుకున్నాను. వద్దులే, దాన్నీ ఫార్వర్డ్ చేస్తుంది.

మాత్ర వేసుకున్నాను. ఐదున్నర అలారం తీసేసి ఏడుకి పెట్టాను.