బైబిలు మ్యాప్‌లో పిన్ను కింద ఏముంది?

బైబిలు ఊళ్లను చూపే మ్యాప్‌లో యెరూషలేముకూ ఎమ్మాయుకూ ఒకే రంగు పిన్ను. మొదటిది ఎక్కడుందో ఎవరికీ అనుమానం లేదు. రెండోదానికి కనీసం నాలుగు చోట్లు పోటీ పడుతున్నాయి. లూకా 24:13లో మన తెలుగు బైబిలు "ఆమడ దూరము" అంటుంది. గ్రీకులో 60 స్టేడియాలు, అంటే సుమారు 11 కి.మీ.; ఎల్-ఖుబైబే ఆ లెక్కకు సరిపోతుంది. కొన్ని పాత ప్రతుల్లో 160 అని ఉంది, దాదాపు 30 కి.మీ.; అప్పుడు ఇమ్వాస్ వైపు మొగ్గాలి. అబూ ఘోష్, మోత్సా కూడా వరుసలో ఉన్నాయి. పిన్ను మాత్రం ఇదేమీ చెప్పకుండా ఒకదాన్ని ఎంచేసుకుంటుంది.

ఊరి పేరున్న శాసనం దొరికితే వాదన చాలావరకు ముగిసినట్టే. ఎల్-జీబ్‌లో 1950లలో గిబియోను పేరు చెక్కిన జాడీ పిడులు దొరికాయి. తెల్ మిక్నె అనే తవ్వకస్థలం బైబిల్లోని ఎక్రోనే అని 1996లో బయటపడ్డ శాసనం ఖాయం చేసింది. శాసనం లేనప్పుడు అరబిక్ ఊరి పేరు, గ్రంథాల్లోని దూరాలు, దిబ్బలో (పాత ఊరి శిథిలాలు పేరుకున్న గుట్టలో) దొరికే కుండపెంకుల కాలం, ఈ మూడూ కలవాలి. పేరొక్కటే చాలదు, ఎందుకంటే జనం ఊరు మారితే పేరు కూడా వాళ్లతో వెళ్తుంది.

యెరికో సంగతే చూడండి. యెహోషువ గ్రంథంలోని యెరికోగా గుర్తించింది తెల్ ఎస్-సుల్తాన్ దిబ్బ. హేరోదు కట్టించిన శీతాకాలపు రాజభవనాలున్నది దానికి సుమారు 2 కి.మీ. దూరంలోని తులూల్ అబూ ఎల్-అలాయిక్ దగ్గర. యేసు కాలపు జక్కయ్య కథకూ, యెహోషువ కాలపు కూలిన గోడల కథకూ ఒకే పిన్ను పెట్టిన మ్యాప్ కాలాన్ని చూసుకోలేదన్నమాట. బెయేర్షెబా అని వెతికితే తెల్ షెవా దిబ్బకు బదులు కొన్ని కిలోమీటర్ల పడమరన ఉన్న నేటి నగరం నడిబొడ్డు వస్తుంది.

ఇక దశాంశాల మోసం. పాత తవ్వకాల నివేదికల్లో పాలస్తీనా గ్రిడ్ అంకెలుంటాయి, అంటే ఆ ప్రాంతాన్ని చదరాలుగా విడగొట్టి చోటు చెప్పే పాత మ్యాప్ పద్ధతి. ఆరంకెల సూచన ఒక కి.మీ. చదరాన్ని మాత్రమే చెబుతుంది. దాన్ని అక్షాంశ రేఖాంశాలుగా మార్చి ఆరు దశాంశ స్థానాలు రాస్తే 11 సెం.మీ. కచ్చితత్వం ఉందన్నట్టు కనిపిస్తుంది. రెండు స్థానాలు దాదాపు 1.1 కి.మీ., మూడు 110 మీ. దిబ్బలు చాలావరకు కొన్ని వందల మీటర్ల వెడల్పే కాబట్టి మూడు చాలు.

మ్యాప్ పిన్నులు దాచే కేఎంఎల్, జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాయాలి. తారుమారైతే యెరూషలేము మధ్యధరా సముద్రంలో తేలుతుంది. ఇది నయం, వెంటనే కంటపడుతుంది. కంటపడనిది పేర్ల తికమక: యెహోషువ 19:15లోని బేత్లెహేము జెబూలూను గోత్రానిది, గలిలయలో ఉంది. వచనాలకు పిన్నులు తనంతట తానే తగిలించే ప్రోగ్రామ్ దాన్ని దావీదు ఊరైన ఇంకో బేత్లెహేముకు, వంద కి.మీ.కు పైగా దక్షిణానికి లాగేస్తుంది.

పిన్ను మీద నొక్కినప్పుడు బైబిలు పేరుతోపాటు తవ్వకస్థలం పేరు కూడా ఉందా చూడండి. లేకపోతే శాటిలైట్ పొర వేసి, కింద దిబ్బ ఉందో నేటి పట్టణం వీధులున్నాయో గమనించండి. ఓపెన్‌బైబిల్ ఇన్ఫో (openbible.info) వెబ్‌సైట్‌లో ఒక్కో ఊరికి ప్రతిపాదిత స్థలాలు, వాటి నమ్మక స్థాయి కనిపిస్తాయి. సొంతంగా మ్యాప్ గీస్తే ఎమ్మాయుకు పిన్ను వద్దు. నాలుగు చోట్లా ప్రశ్నార్థకం పెట్టండి.